ఏడో నంబరు చొక్కా

పోయిన ఏడాది ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున్నే శింగనమల నుంచి ఫోన్ వచ్చింది. చేసింది మా ఊరి అమ్మాయే. బడిలో నాకంటే నాలుగేళ్ళు చిన్న. ఇప్పుడు మండలంలోని ఒక బడిలో పిల్లలకు ఆటలు నేర్పుతోంది. "అక్కా, మన ఆడపిల్లల బాస్కెట్‌బాల్ టీముకు బెంగళూరులో ఉద్యోగాలు చేసే ఊరి పిల్లోళ్ళు డ్రెస్సులు కుట్టిస్తామన్నారు. పన్నెండు సెట్లు. తిరుప్పూరులో ఆర్డరిస్తారంట. రంగేందో, ముందర ఏం రాయాల్నో, బొమ్మ ఏమన్నా ఉండాల్నో చెప్పమంటాండారు. నువ్వు తెలుగులో డాక్టరేటు చేసినావు కదా, ఒక మంచి పేరు చెప్పక్కా" అంది.

నాకు నవ్వొచ్చింది. కొంచెం గర్వం కూడా కలిగింది. రాయలసీమ కథల్లో స్త్రీల గురించి ఆరేళ్ళు పరిశోధన చేసినందుకు మా ఊరు నన్ను అడిగిన మొదటి సాయం అది. వారంలో చెప్తానన్నాను. మూడు నెలలు పట్టింది.

ఏ పని చేతికొచ్చినా ముందు దాని గురించి ఎవరేం రాశారో వెతకడం పరిశోధన నేర్పిన అలవాటు. బాస్కెట్‌బాల్ క్లబ్బులు తమ చొక్కాలకు రంగులూ పేర్లూ ఎలా పెట్టుకున్నాయో చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ అవి నాకు ఊళ్ళ ఆత్మకథల్లా కనిపించాయి. బోస్టన్ సెల్టిక్స్ చొక్కా ఆకుపచ్చ. 1946లో ఆ జట్టును పెట్టినప్పుడు ఆ నగరంలో ఐరిష్ జనం ఎక్కువ కాబట్టి ఆ పేరు, ఆ రంగు, మూడాకుల గుర్తు వచ్చాయి. ఆ ఐరిష్ వాళ్ళలో చాలామంది పూర్వీకులు 1840లలో బంగాళాదుంప పంట నాశనమై వచ్చిన కరువుకు ఓడలెక్కి వచ్చినవాళ్ళు. కరువుకు ఊరొదలడం అంటే ఏమిటో అనంతపురం జిల్లా వాళ్ళకు వేరే చెప్పాల్సిన పనిలేదు. ఆ ఆకుపచ్చ రంగు మా వాళ్ళదే అనిపించింది.

లాస్ ఏంజెలస్ లేకర్స్ కథ ఇంకా తమాషాగా ఉంది. పసుపు, ఊదా రంగుల్లో వాళ్ళ చొక్కాల నకళ్ళు అనంతపురంలో తోపుడుబండ్ల మీద కూడా దొరుకుతాయి. ఆ జట్టు 1947లో మినియాపొలిస్‌లో మొదలైంది. ఆ రాష్ట్రానికి పదివేల సరస్సుల నేల అని ముద్దుపేరు. అందుకే ఆ జట్టుకు సరస్సుల పేరు. 1960లో జట్టును లాస్ ఏంజెలస్‌కు తరలించారు. సరస్సులు వెంట రాలేదు, పేరు మాత్రం వచ్చింది.

మా జిల్లా పల్లెల్లో పిల్లల ఒంటి మీద తరచుగా కనిపించే ఇంకో చొక్కా ఉంది. నీలం, ముదురెరుపు పట్టీలది, బార్సిలోనా క్లబ్బుది. విన్సెంట్ ఫెర్రర్ బార్సిలోనాలో 1920లో పుట్టి 1969లో అనంతపురం వచ్చారు. 2009లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నారు. ఆయన పెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వల్ల స్పెయిన్ దేశం మా పల్లెలకు చుట్టపు ఊరైంది. వచ్చేపోయేవాళ్ళు చొక్కాలు తెచ్చారు. ఆ క్లబ్బుకు ఫుట్‌బాల్‌తో పాటు 1926 నుంచి బాస్కెట్‌బాల్ జట్టు కూడా ఉంది. రెండిటికీ అవే రంగులు. ఫ్రాంకో నియంతృత్వంలో కెటలాన్ భాషనూ జెండానూ అణచివేసిన కాలంలో ఆ క్లబ్బు రంగులే అక్కడి జనానికి జెండా అయ్యాయి. జెండా పట్టుకోనివ్వని చోట చొక్కా జెండా అవుతుందని నోట్సులో రాసుకున్నాను. ఆ వాక్యం అప్పుడు నాకు చాలా నచ్చింది. దాని అర్థం తర్వాత తెలిసింది.

ఇంత చదివాక మా ఊరికి ఏం గుర్తు పెట్టాలో నాకు సులువుగానే తోచింది. శింగనమల అంటే చెరువు. జిల్లాలోని పెద్ద చెరువుల్లో ఒకటి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడే సీమలో, అది కూడా నమ్మకం లేని సీమలో, చెరువే మా చరిత్ర. నిండిన ఏడు పెళ్ళిళ్ళు జరుగుతాయి. ఎండిన ఏళ్ళలో దాని కడుపులో సర్కారు తుమ్మ మొలుస్తుంది. సరస్సుల్లేని నగరం సరస్సుల పేరు మోస్తుంటే, ఏళ్ళ తరబడి నీళ్ళకు ఎదురుచూసే చెరువున్న ఊరు ఆ పేరు ఎందుకు పెట్టుకోకూడదు? చొక్కా మీద కట్ట, తూము, కింద రెండు అలలు వేయమని, 'చెరువు' అని తెలుగులో రాయమని ఆటల టీచరుకు చెప్పాను. "బాగుందక్కా. నువ్వే వచ్చి పిల్లోళ్ళకు చెప్పు" అంది. ఆమె గొంతులో ఏదో తడబాటు ఉంది. నేను పట్టించుకోలేదు.

ఊరికి బయల్దేరే ముందు రాత్రి, నేనూ ఒకప్పుడు ఆ ఆట ఆడానని గుర్తు తెచ్చుకున్నాను. మరిచిపోయానని కాదు. పాఠకులకు నిజం చెప్పాలి కాబట్టి చెప్తున్నాను. అంతదాకా అమెరికా చొక్కాల గురించి, స్పెయిన్ చొక్కాల గురించి చదివాను కానీ నా ఒంటి మీద ఉండిన చొక్కా జోలికి పోలేదు.

2002. దేశమంతా వానలు మొహం చాటేసిన ఏడు. నేను తొమ్మిదో తరగతి. మా జట్టుకంటూ యూనిఫాం లేదు. మగపిల్లల జట్టుకు కొత్తవి వచ్చాయి కాబట్టి వాళ్ళ పాతవి మాకిచ్చారు. తెల్ల బనియన్ గుడ్డ, చేతుల్లేనివి, ఎద మీద ఇంగ్లీషు అక్షరాలు సగం రాలిపోయినవి. అప్పట్లో అంతర్జాతీయ నియమాల ప్రకారం బాస్కెట్‌బాల్ చొక్కాల నంబర్లు 4 నుంచి 15 దాకానే ఉండేవి. రెఫరీ ఒకటి, రెండు, మూడు వేళ్ళు ఎత్తితే అది పాయింట్లకో ఇంకోదానికో సైగ అవుతుంది కాబట్టి ఆ నంబర్లు వాడేవాళ్ళు కాదు. అలా పన్నెండు నంబర్లు, పన్నెండు మంది ఆటగాళ్ళు. మాకొచ్చిన పాత చొక్కాలు పది. తొమ్మిదో నంబరూ పదమూడో నంబరూ ఎక్కడో పోయాయి.

ఆ చొక్కాలు మగపిల్లల కొలతలకు కుట్టినవి. చంకల కింద జానెడు ఖాళీ. అందులోంచి లోపలి బట్టలు కనిపిస్తాయని మేము చుడీదారు టాపు మీదే వేసుకునేవాళ్ళం. అంచుల్ని పిన్నీసులతో బిగించేవాళ్ళం. బంతి కోసం ఎగిరితే పిన్నీసు ఊడి పక్కలో గుచ్చుకునేది. నా ఎడమ పక్కన ఇప్పటికీ చిన్న మచ్చ ఉంది. గ్రౌండు గోడ మీద కూర్చున్న మగవాళ్ళు ఆట చూడటానికి వచ్చారో, పిన్నీసు ఎప్పుడు ఊడుతుందో చూడటానికి వచ్చారో మాకు తెలిసేది. తెలిసినా చేతులు పైకెత్తకుండా బంతి వేయడం కుదరదు. శరీరాన్ని దాచుకుంటూ ఆడటం అనే ఇంకో ఆటను మేము అసలు ఆటతో పాటే నేర్చుకున్నాం.

స్త్రీల ఆట బట్టల చరిత్ర చదువుతుంటే ఆ పిన్నీసు అన్నిచోట్లా గుచ్చుకుంది. బాస్కెట్‌బాల్ 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పుట్టింది. ఆ మరుసటి ఏడే సెండా బెరెన్సన్ అనే వ్యాయామ అధ్యాపకురాలు స్మిత్ మహిళా కళాశాలలో అమ్మాయిల చేత ఆ ఆట ఆడించింది. 1893 మార్చిలో అక్కడ జరిగిన పోటీకి మగవాళ్ళను రానివ్వలేదు. అమ్మాయిలు పొడుగు గౌన్లు వదిలి బ్లూమర్లనే వదులు లాగుల్లో ఆడుతున్నారు మరి. నూరేళ్ళ తర్వాత, 1990లలో, ఆస్ట్రేలియా మహిళల జట్టు ఒంటికి అతుక్కుపోయే బాడీసూట్లలో ఆడింది. 2005లో మన హైదరాబాదు అమ్మాయి సానియా మీర్జా టెన్నిస్ స్కర్టు మీద కొందరు మతపెద్దలు తీర్పులు చెప్పారు. 2014 ఇంచియాన్ ఏషియాడ్‌లో తల మీద గుడ్డతో ఆడటానికి బాస్కెట్‌బాల్ నియమాలు ఒప్పుకోకపోతే ఖతర్ మహిళల జట్టు ఆట వదులుకుని వెళ్ళిపోయింది. ఆ నియమం మారడానికి 2017 దాకా పట్టింది. ఒకచోట విప్పమన్నారు, ఇంకోచోట కప్పమన్నారు. వేసుకునేదాన్ని అడిగినవాళ్ళు తక్కువ.

ఇంతవరకు రాయడం నాకు కష్టం కాలేదు. స్త్రీగా నా మీద పడిన చూపు గురించి రాయడం మనకు బాగా అలవాటైన పనే. నేను చూసిన చూపు గురించి రాయాల్సినప్పుడే కలం ఆగుతుంది.

పది చొక్కాలు, పన్నెండు మంది. కాబట్టి నాలుగురు ఆడపిల్లలం రెండు చొక్కాల్ని పంచుకున్నాం. ఏడో నంబరు నాదీ, నా స్నేహితురాలిదీ. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. రాయొద్దంది. ఆమెది ఎస్సీ కాలనీ. మాది చెరువు కింద మడి ఉన్న రెడ్ల ఇల్లు. ఆట మధ్యలో నేను బయటికొస్తే ఆమె లోపలికి పోవాలి. ఇద్దరు పిల్లలు చున్నీ అడ్డం పట్టుకుంటే నేను విప్పి ఇచ్చేదాన్ని, ఆమె తొడుక్కునేది. చెమటతో తడిసిన చొక్కా అట్లాగే ఆమె ఒంటి మీదికి పోయేది. నియమాల ప్రకారం అలా మార్చుకోకూడదు. మండల పోటీల్లో అడిగేవాళ్ళెవరు? ఇద్దరిలో ఆమె ఆటే మేలు. అయినా ఆట మొదలుపెట్టేది నేను. ఓడిపోయేలా ఉన్నప్పుడు ఆమె వచ్చేది. ఎందుకలా అని అప్పుడు నేను అడగలేదు. నాకు అనుకూలంగా ఉన్నదాన్ని నేనెందుకు అడుగుతాను?

ఆ కరువులో మా ఇంటి బోరులో ఇంకా నీళ్ళొచ్చేవి. కాలనీకి ట్యాంకరు వచ్చేది. అందుకని ఏడో నంబరు చొక్కా ఉతికే పని నాది. మొదటి మ్యాచి అయిన సాయంత్రం చొక్కాను నీళ్ళ తొట్టి మీద పడేశాను. మా జేజి చూసింది. "ఎవురేసుకున్నె గుడ్డ మే ఇది?" అంది. చెప్పాను. ఆమె అరవలేదు, తిట్టలేదు. పొయ్యి దగ్గరి కట్టె తెచ్చి, కట్టెతో చొక్కాను ఎత్తి, బయటి బండ మీద వేసింది. చెంబులో పసుపు కలిపి తెచ్చి దాని మీద కుమ్మరించింది. "ఇంగ ఉతుక్కో పో" అంది. సబ్బు తగలగానే పసుపు ఎర్రబడింది. నాలుగుసార్లు జాడించి ఆరేస్తే మళ్ళీ పసుపుగా తేలింది. తెల్ల చొక్కా మీద మెడ దగ్గర, వీపు మీద, చంకల దగ్గర మరక మిగిలిపోయింది.

మరుసటి రోజు బడిలో అందరూ అడిగారు. చారు ఒలికిందని చెప్పాను. నా స్నేహితురాలు కూడా విని తలూపింది. ఆ ఏడాది అంతా మేమిద్దరం ఆ మరక చొక్కాతోనే ఆడాం. అనంతపురం పోటీల్లో ఆఖరి ఆటలో ఓడిపోయాం. ఆమె పదో తరగతి దాకా చదివింది. ఆ తర్వాత రెండేళ్ళకు పెళ్ళయింది. నేను చదువుకుంటూ పోయాను.

ఎం.ఏ. చదివేటప్పుడు గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు' చదివాను. దళిత స్త్రీలు తమ గురించి తాము రాసుకున్న ఆ సంకలనం మా తరం విద్యార్థినులకు కళ్ళు తెరిపించింది. నా సిద్ధాంత వ్యాసంలో అంటు గురించి ఒక అధ్యాయం ఉంది. బావుల దగ్గర, హోటళ్ళ దగ్గర, గుళ్ళ దగ్గర కథకులు చూపించిన అంటును పేజీల కొద్దీ విశ్లేషించాను. మా ఇంటి బండ మీద పసుపు నీళ్ళు కారిన చొక్కా అందులో లేదు. మౌఖిక పరీక్షలో ఆ అధ్యాయాన్ని బాగా మెచ్చుకున్నారు.

ఈ జ్ఞాపకంతోనే ఊరికి వెళ్ళాను. చెరువు ఆలోచన మాత్రం మార్చుకోలేదు.

సాయంత్రం ఆట అయ్యాక పన్నెండు మంది అమ్మాయిలూ సిమెంటు కోర్టు అంచున కూర్చున్నారు. నేను బోస్టన్ ఆకుపచ్చ గురించి, లేకర్స్ సరస్సుల గురించి చెప్పాను. చెరువు బొమ్మ గీసిన కాగితం చూపించాను. మర్యాదగా విన్నారు. చివర్లో ఒకమ్మాయి లేచి, "బాగుంది మేడం. మాకు నీలం కావాల" అంది.

"చెరువు కూడా నీలమే కదమ్మా" అన్నాను, సమస్య తీరిపోయినట్టు.

"చెరువు నీలం కాదు మేడం. అంబేద్కర్ నీలం."

టీచరు నేల చూపులు చూసింది. ఫోన్లో విన్న తడబాటు ఇదేనని అప్పుడర్థమైంది. ఆ పన్నెండు మందిలో ఎనిమిది మంది ఎస్సీ కాలనీల పిల్లలు. నీలం మాట వాళ్ళు ముందే అన్నారు. అది ఊళ్ళో కొందరు పెద్దల చెవిన పడింది. ఆటల్లోకి రాజకీయాలు తేవద్దనీ, ఎరుపో పసుపో ఏదైనా పెట్టుకోమనీ వాళ్ళు కబురు పెట్టారు. మన రాష్ట్రంలో పసుపు రంగుకు రాజకీయం లేదనుకునే అమాయకులు ఇంకా ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది. శింగనమల ఎస్సీలకు రిజర్వు చేసిన శాసనసభ నియోజకవర్గం. ఓటు పెట్టె దగ్గర చెల్లే మనిషి రంగు ఆడపిల్లల చొక్కా మీదికి వస్తే మాత్రం పెద్దలకు గుచ్చుకుంది. ఈ తగాదా తేలక టీచరు నన్ను పిలిచింది. చదువుకున్న రెడ్ల అమ్మాయి చెరువు అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు కదా.

ఆ రాత్రి నా స్నేహితురాలి ఇంటికి వెళ్ళాను. ఆమె కూతురు ఆ పన్నెండు మందిలో ఒకతె అని అక్కడికి వెళ్ళాకే తెలిసింది. టీ ఇస్తూ ఆ పిల్ల నవ్వింది. తల్లి నవ్వే.

"చెరువు బొమ్మ ఎయ్యమన్నావంట కదా" అంది నా స్నేహితురాలు.

"బాగుండదా?"

"బాగుంటాది. ఆ చెరువు కింద మీకు మడి ఉంది. మా నాయన ఆ మడికి నీళ్ళు కట్టినాడు. మాకు సెంటు భూమి లేదు. చెరువు నిండితే మీకు వడ్లు, మాకు కూలి. నా బిడ్డ ఎద మీద మీ చెరువెందుకు మే?"

కోపంగా అనలేదు. బియ్యం ఏరుతూ అంది. నేను చేతిలో ఉన్న కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఊరి గుర్తు అని నేను అనుకున్నది ఊళ్ళో ఒక వీధి గుర్తు.

ఇక దాచడం బాగుండదనిపించింది. "మన చొక్కా గుర్తుందా?" అన్నాను.

"ఏడో నంబరుదా? పసుపు మరకది?"

"అది చారు మరక కాదు."

"తెలుసు లేమ్మే. చారు ఒలికితే మెడకాడ, ఈపు మీద, చంకలకాడ లెక్కపెట్టినట్ల పడతాదా? ఇంటికి పోయి మా అమ్మకు చెప్పినా. అది పసుపు నీళ్ళు, మీ జేజి పని అనింది. ఆ ఆట ఇడిసిపెట్టి రా అనింది."

"మరెందుకు మానలేదు?"

"ఆట బాగా వస్తాండె. ఎవురో పసుపు నీళ్ళు పోసినారని ఆట ఇడిసిపెడితే నష్టం ఎవురికి?" కాసేపు ఆగి అంది: "నువ్వు ఎప్పుడన్నా చెప్తావేమో అని చూసినా. చారు అన్న్యావు. సరే, చారే అనుకున్న్యా."

క్షమించమని అడిగాను. ఆమె ఏమీ అనలేదు. క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు. "అన్నం తిని పో" అంది. తిన్నాను. తిన్నందుకు ఏదో తీరిపోయిందని రాస్తే మళ్ళీ చారు కథే అవుతుంది.

తిరిగొచ్చాక నా నోట్సు మళ్ళీ తెరిచాను. బోస్టన్ కథలో నేను దాటేసిన పేజీ కనిపించింది. సెల్టిక్స్‌కు 1956 నుంచి 1969 దాకా ఆడిన బిల్ రసెల్ నల్లజాతి ఆటగాడు. పదమూడు సీజన్లలో పదకొండుసార్లు ఆ జట్టును గెలిపించాడు. 1966లో ఆ లీగులోనే మొదటి నల్లజాతి ప్రధాన శిక్షకుడయ్యాడు. అదే కాలంలో బోస్టన్ శివారులోని అతని ఇంట్లో దూరి గోడల మీద జాతి దూషణలు రాశారు, పక్కను మలంతో పాడుచేశారు. ఆకుపచ్చ చొక్కాలో ఉన్నంతసేపు అతను ఊరివాడు. చొక్కా విప్పి ఇంటికి పోతే పరాయివాడు. కరువుకు వలసొచ్చిన ఐరిష్ వాళ్ళ బాధను గుర్తుపెట్టుకున్న రంగు, పక్కవాడి బాధను చూడలేకపోయింది. నా చొక్కా కథా అంతే. పిన్నీసు గుచ్చుకున్న నా పక్క గుర్తుంది. అదే గుడ్డలో మరక మోసిన ఆమె ఒళ్ళు గుర్తులేదు.

ఇంకో చొక్కా గురించి కూడా చదివాను. మెంఫిస్ నగరంలో 1968 ఫిబ్రవరిలో ఇద్దరు నల్లజాతి పారిశుద్ధ్య కార్మికులు చెత్త లారీ యంత్రంలో నలిగి చనిపోయారు. దాదాపు 1,300 మంది సమ్మె చేశారు. నేను మనిషిని అని రాసిన అట్టలు పట్టుకుని ఊరేగారు. వాళ్ళకు మద్దతుగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్‌ను ఏప్రిల్ 4న ఆ ఊళ్ళోనే కాల్చి చంపారు. యాభై ఏళ్ళకు, 2017-18 సీజన్లో, ఆ నగరపు జట్టు మెంఫిస్ గ్రిజ్లీస్ ఆ అట్టల నలుపు తెలుపుల్ని, ఆ అక్షరాల తీరును తన చొక్కా మీద వేసుకుంది. ఆ జట్టు 2001లో వాంకూవర్ నుంచి తరలివచ్చింది. 1968లో ఆ ఊళ్ళో లేనే లేదు. అయినా కొత్తగా వచ్చిన ఊరి గాయాన్ని తనదనుకుంది. చొక్కాలు అమ్ముకునే వ్యాపారం కూడా అందులో ఉంది, కాదనను. ఆ అట్టల మీది మాట ఇంగ్లీషులో మగవాడికీ మనిషికీ ఒకటే, అందులో మనమెక్కడ అని మనం అడగకుండా ఉండలేం. అయినా ఊరి చరిత్ర అంటే కట్ట, తూము, కోట మాత్రమే కాదని ఆ చొక్కా ఒప్పుకుంది.

టీచరుకు ఫోన్ చేసి నా చెరువును వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. అమ్మాయిలు అడిగిందే కుట్టించమన్నాను. అవసరమైతే పెద్దలతో నేను మాట్లాడతానన్నాను. నేనేం మాట్లాడాల్సిన అవసరం రాలేదు. ఆమె నాకంటే తెలివైనది. పెద్దల దగ్గరికి తానే పోయి, "ఇండియా టీము కూడా నీలమే కదా అన్నా, దేశం రంగు వద్దంటే ఎట్ల?" అని అడిగిందట. ఎవరూ నోరెత్తలేదట. ఈ మాట చెప్పినప్పుడు నా స్నేహితురాలు పగలబడి నవ్వింది. తర్వాత, "గెలిచినాములే. కానీ ఆయప్ప పేరు చెప్పి గెలిచింటే ఇంగా బాగుండు" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

డ్రెస్సులు నవంబరులో వచ్చాయి. నీలం మీద తెల్లటి తెలుగు అక్షరాల్లో 'శింగనమల' అని మాత్రమే ఉంది. బొమ్మ లేదు. ఆర్డరివ్వడానికి ముందు టీచరు ఒక్కొక్కరి కొలత తీసుకుంది. చేతులు ఎంత, లాగు ఎంత పొడుగు అని ఎవరికి వాళ్ళనే అడిగింది. ఐదుగురు పొట్టి చేతులు కావాలన్నారు, మిగిలినవాళ్ళు చేతులు వద్దన్నారు. ఒకమ్మాయి లోపల పొడుగు చేతుల బనియను వేసుకుంటానంది. అందరూ ఒకేలా లేకపోతే టీమెట్లా అవుతుందని బెంగళూరు దాత అడిగాడట. రంగు ఒకటే, ఒళ్ళు వేరువేరు అని చెప్పానంది టీచరు.

నంబర్ల నియమం 2014లోనే మారింది. ఇప్పుడు సున్నా నుంచి తొంభైతొమ్మిది దాకా ఏదైనా వేసుకోవచ్చు. అట్టపెట్టె విప్పుతున్నప్పుడు నేనక్కడే ఉన్నాను. నా కళ్ళు ఏడో నంబరు కోసం వెతికాయి. అది ఎవరూ అడగలేదు. నా స్నేహితురాలి కూతురు పదహారో నంబరు చొక్కా తొడుక్కుని వచ్చి నా ముందు నిలబడింది.

"పదహారెందుకమ్మా?" అన్నాను.

"మీరు ఆడేటప్పుడు పదిహేనుతో అయిపోయేవంట కదా మేడం. అమ్మ చెప్పింది" అంది.

బయట నా స్నేహితురాలు గోడ పక్కన నిలబడి ఉంది. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ గ్రౌండుకు వచ్చింది. ఆట మొదలైంది. మొదలుపెట్టిన ఐదుగురిలో పదహారో నంబరు ఉంది. మధ్యలో ఆ పిల్ల బయటికి వచ్చింది. ఇంకో అమ్మాయి తన చొక్కాలో తాను లోపలికి వెళ్ళింది. చున్నీ అడ్డం పట్టుకోవడానికి ఎవరూ లేవాల్సిన అవసరం రాలేదు.